మూడు ముక్కలు అడిగితే చాలు: విజయవాడ కాలనీ గ్రూపుల అడ్మిన్లకు ఒక టైలరు బహిరంగ లేఖ

విజయవాడలోని కాలనీ, అపార్ట్‌మెంట్, వీధి వాట్సాప్ గ్రూపుల అడ్మిన్ గార్లకు,

నమస్కారం. అజిత్‌సింగ్ నగర్‌లో పదహారేళ్ళుగా జాకెట్లు కుట్టుకుని బతుకుతున్నాను. మొన్నటిదాకా నా ఫోన్లో పన్నెండు గ్రూపులు ఉండేవి. ఇప్పుడు పదకొండు. పన్నెండోదాంట్లోంచి నన్ను తీసేశారు. తీసేసినందుకు బాధ లేదు, రోజుకు వంద గుడ్‌మార్నింగులు తగ్గాయి. తీసేసిన కారణం గురించే ఈ ఉత్తరం.

ఆ గ్రూపు అడ్మిన్ గారికి రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. విడిగా మెసేజ్ పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. తెల్లకాగితం మీద రాసి వాచ్‌మన్ చేతికిచ్చి పంపాను. ‘చూస్తాలే అన్నారమ్మా’ అని వచ్చి చెప్పాడు. మూడు వారాలు ఆగాను. ఇక ఆయనొక్కరికే కాకుండా మీ అందరికీ కలిపి రాస్తున్నాను. ఆయన పేరు గాని, ఆ అపార్ట్‌మెంట్ పేరు గాని ఇందులో ఉండదు. పేరు నలుగురిలో పడేస్తే ఏమవుతుందో చెప్పబోతూ నేనూ అదే పని చేస్తే బాగుండదు.

జరిగింది చెబుతాను.

ఆ అపార్ట్‌మెంట్ వాళ్ళకు సర్వీసుల గ్రూపు ఒకటుంది. పాలాయన, ఇస్త్రీ బండి ఆయన, ఏసీ మెకానిక్, నేను, ఫ్లాట్ల వాళ్ళు అందరం అందులో ఉంటాం. ఒకరోజు ఒక ఫ్లాటులో చెవిదిద్దులు కనపడలేదు. పనిచేసే ఆవిడ మీద అనుమానం వచ్చింది. ఆవిడ గుడ్డసంచి పట్టుకుని లిఫ్టు దిగుతున్న కెమెరా వీడియోలోంచి ముప్ఫై సెకన్లు కోసి గ్రూపులో పెట్టారు. కింద ‘ఈవిడతో జాగ్రత్త. మీ ఇళ్ళలో చేస్తుంటే వెంటనే మాన్పించండి’ అని రాశారు. నేనప్పుడే షాపు తీసి, దేవుడి పటం ముందు అగరొత్తి వెలిగించి, మిషన్‌కి నూనె పోస్తున్నాను.

ఆ సంచి నాకు తెలుసు. కటింగులో మిగిలిన ఆకుపచ్చ లైనింగు గుడ్డతో నేనే కుట్టిచ్చాను, ఒక పిడి ఎర్రది, ఒక పిడి నల్లది. అందులో ఏముందో కూడా తెలుసు. రెండో అంతస్తు మేడంగారి కాటన్ చీర. ఫాల్ కుట్టించి పీకో చేయించుకు రమ్మని ఆవిడ చేతికిచ్చి నా దగ్గరికి పంపారు. వీడియో చూసేటప్పటికి ఆ చీర నా బల్ల మీదే ఉంది, దాని మీద టేపు, మార్కింగు సుద్ద ఉన్నాయి.

చీర ఫొటో తీశాను. ఆర్డరు పుస్తకంలో తేదీ, టైము రాసిన పేజీ ఫొటో తీశాను. రెండూ గ్రూపులో పెట్టి, ‘అమ్మా, ఆ సంచిలో ఉన్నది ఇదీ’ అని రాశాను. ముగ్గురు బొటనవేలు గుర్తు పెట్టారు. ఒకాయన ‘మధ్యలో మీకెందుకండీ’ అన్నారు. పది నిమిషాల్లో నా ఫొటోలు ‘అడ్మిన్ తొలగించారు’ అని మారిపోయాయి. వీడియో మాత్రం అలాగే ఉంది. ఆ వెంటనే అడ్మిన్లు తప్ప ఎవరూ రాయడానికి వీల్లేకుండా గ్రూపును మార్చి, ‘దయచేసి ఇక్కడ చర్చలు వద్దు’ అని పెట్టారు. విడిగా అడిగేసరికి నన్ను తీసేశారు.

ఎవరి గురించి ఇదంతా జరిగిందో ఆవిడ ఆ గ్రూపులో లేదు. ఆవిడది నొక్కుడు బటన్ల ఫోను. తన మీద ఊరంతా ఒక వీడియో తిరుగుతోందని మర్నాడు పనికెళ్ళిన ఇంట్లో, గుమ్మం దగ్గర ఆపి చెబితే తెలిసింది.

పన్నెండు రోజుల తర్వాత ఆ దిద్దులు దొరికాయి. వాషింగ్ మెషిన్ తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతలో ఉన్నాయట. ఆ ఇంటావిడ పనామెను పిలిచి రెండొందలు చేతిలో పెట్టి, ఒక పాత చీర ఇచ్చి, ‘ఏమీ అనుకోకమ్మా’ అన్నారు. గ్రూపులో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. దొంగ అన్న మాట రెండువందల మందికి చేరింది. కాదన్న మాట వంటింటి గడప దాటలేదు.

నాకు గ్రూపులంటే గిట్టదని మాత్రం అనుకోకండి. 2020 లాక్‌డౌన్‌లో షాపు షట్టరు దింపితే, మాస్కుల ఆర్డర్లన్నీ వీధి గ్రూపులోనే వచ్చాయి. పాత లైనింగు గుడ్డంతా మాస్కులైంది, ఇంటి అద్దె గడిచింది. అర్ధరాత్రి ఓ నెగటివ్ రక్తం కావాలంటే గంటలో మనిషిని పట్టిచ్చిన గ్రూపులు మన ఊళ్ళో ఎన్ని లేవు! అసలు 2024 సెప్టెంబరులో ఒక గ్రూపు లేకపోతే మా వీధిలో కొందరి పరిస్థితి ఏమై ఉండేదో తలుచుకోవడానికే భయం వేస్తుంది.

ఆగస్టు 31 శనివారం రోజంతా వాన. మొగల్రాజపురంలో కొండచరియలు పడి మనుషులు చనిపోయారని విన్నాం గాని, మా మీదికి వచ్చేది ఎటునుంచో ఎవరూ అనుకోలేదు. ఆదివారం బుడమేరు వాగు పొంగి వచ్చిపడింది. మొదట చెప్పులు తేలాయి, తర్వాత గ్యాస్ బండ తేలింది, మధ్యాహ్నానికి షాపులో కటింగు బల్ల తేలింది. రెండు కుట్టుమిషన్లు, ఒక ఓవర్‌లాక్ మిషన్, కుట్టి పెట్టిన నలభై జాకెట్లు నీళ్ళలోనే వదిలేసి మేడ మీదికెక్కాం. పై వాటాలో రెండు గదుల్లో ఇరవై ముగ్గురం. కరెంటు లేదు. నా ఫోన్లో పదకొండు శాతం చార్జింగు ఉంది.

మా వీధి గ్రూపు అడ్మిన్ ఎలక్ట్రికల్ షాపు తమ్ముడు. ఇరవై ఆరేళ్ళుంటాయేమో. అంతకుముందు అతను అడ్మిన్‌గా చేసిందల్లా పుట్టినరోజు కేకుల బొమ్మలు పెట్టడమే. ఆ సాయంత్రం మాత్రం ఇలా రాశాడు. గుర్తుంది కాబట్టి ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: ‘చూసినవాళ్ళే రాయండి. ఏ వీధి, ఎన్నింటికి, ఎవరు చూశారు. ఈ మూడూ లేకపోతే తీసేస్తా. ఎవరూ కోప్పడొద్దు. చార్జింగు దాచుకోండి.’

అంతే, గ్రూపు తీరే మారిపోయింది. అయ్యో పాపం, దేవుడా కాపాడు, చేతులు జోడించే బొమ్మలు అన్నీ ఆగిపోయాయి. ‘నాలుగో లైను, నీలం గేటు ఇల్లు, నెలలు నిండిన అమ్మాయి, 6.40కి నేనే మాట్లాడా’ అని ఒకటి. ‘మూడో లైను చివర, ముసలాయనకు ఇన్సులిన్ అయిపోయింది, మా మేడ మీంచి కనపడుతున్నాడు’ అని ఒకటి. మా వీధిలో పుట్టి కూకట్‌పల్లిలో ఉద్యోగం చేసుకునే కుర్రాడొకడు అక్కడ కూర్చుని ఇవన్నీ ఒక జాబితాగా రాసి గంటగంటకీ కొత్తది పెట్టాడు. వాడికి కరెంటుంది, మాకు లేదు, అదీ లెక్క. ఆ జాబితా పట్టుకునే పడవ వాళ్ళు నాలుగో లైనులోకి వచ్చారు. ఆ అమ్మాయిని సింగ్ నగర్ ఫ్లైఓవర్ దాకా చేర్చారు, అక్కణ్ణుంచి ఆసుపత్రికి. మగపిల్లాడు. పేరు పెట్టేటప్పుడు వరదకు సంబంధించినది పెడదామని ఎవరో అంటే వాళ్ళ అమ్మమ్మ ఊరుకోలేదు.

ఆ రాత్రుల్లోనే ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల నీళ్ళొచ్చాయి. బ్యారేజీ చరిత్రలోనే అంత నీళ్ళు ఎప్పుడూ రాలేదు. పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర గుద్దుకుని కౌంటర్ వెయిట్లు, అంటే గేట్లు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మెలు, దెబ్బతిన్నాయి. ఇది నిజం. మా గ్రూపులోకి వచ్చేసరికి అదే ‘బ్యారేజీ కొట్టుకుపోయింది, గంటలో ఇంకో పదడుగులు’ అయింది. మా గదిలో ఇద్దరు ఆడవాళ్ళు ఏడుపందుకున్నారు. ‘ఎవరు చూశారు?’ అని తమ్ముడు అడిగాడు. ‘మా బావమరిది ఫ్రెండుకు ఎవరో చెప్పారట’ అని జవాబు. ‘బ్యారేజీ తెగితే నీళ్ళు కిందికి పోతాయన్నా, వెనక్కి తిరిగి సింగ్ నగర్ ఎందుకొస్తాయి?’ అని రాసి ఆ మెసేజ్ తీసేశాడు. ఆ మునకలో మేం నవ్వింది అప్పుడొక్కసారే.

బుడమేరు డైవర్షన్ కాలువ గట్టుకు పడిన మూడు గండ్లలో చివరిది పూడ్చేసరికి సెప్టెంబరు 7 అయింది. అన్ని రోజులూ గ్రూపు అలాగే నడిచింది. నీళ్ళు తీశాక బురద కడగడానికి మనుషుల్నీ, చదువుకునే పిల్లలకు పుస్తకాల్నీ గ్రూపే తెచ్చింది. నాకు పాత ఉషా మిషన్ ఒకటి ఇచ్చినావిడను ఇప్పటికీ నేను ముఖాముఖి చూడలేదు.

అదే ఊరు, అవే ఫోన్లు, అవే చేతులు. అక్కడ ఒక కుర్రాడు మూడు ముక్కలు అడిగాడు. ఇక్కడ ఒక పెద్దమనిషి ఆ మూడూ చూపించినదాన్ని తీసేసి, ఏదీ లేనిదాన్ని ఉంచారు. మీరు పట్టించుకోకపోవడం వల్ల మాలాంటివాళ్ళకు ఏమవుతోందో వరసగా రాస్తున్నాను.

1. కూడు పోతుంది. వీడియోలోని పనామెకు నాలుగిళ్ళు ఉండేవి. నెలకు పదకొండు వేల ఐదొందలు. వీడియో వచ్చిన రెండు రోజుల్లో మూడిళ్ళు మాన్పించాయి. ఇప్పుడు చేతికొచ్చేది మూడువేలు. కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. పని కోసం ఇప్పుడు ఆవిడ సత్యనారాయణపురం దాకా నడిచి వెళ్తోంది, ఆటోకు పెడితే మిగలదని. అక్కడ కూడా ఒక ఇంట్లో ఫోను తీసి వీడియో చూపించి ‘ఇది నువ్వేనా?’ అని అడిగారట. దిద్దులు దొరికాయి కదా అంటారా? ఆ సంగతి ఆ ఫోన్లో లేదు కదండీ.

2. ప్రాణం మీదికొస్తుంది. నీళ్ళు తీసిన కొన్నాళ్ళకు ‘బుడమేరు మళ్ళీ తెగింది, పరిగెత్తండి’ అని ఒక ఆడగొంతు వాయిస్ మెసేజ్ వచ్చింది. ఏ వీధి అని గాని, ఎన్నింటికి అని గాని లేదు. బురద కడిగి అప్పుడే ఆరేసిన పరుపులు మళ్ళీ నెత్తినెత్తుకుని జనం ఫ్లైఓవర్ వైపు పరుగు. అది అబద్ధమని ఆఫీసర్లు చెప్పేలోపే మా వెనక వీధి పెద్దాయన చీకట్లో మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నారు. వరద ఏమీ చేయని మనిషిని పుకారు మంచాన పడేసింది. ఇది మన ఒక్క ఊరి సంగతి కాదు. 2018 వేసవిలో పార్థీ గ్యాంగు అనే దొంగల ముఠా వచ్చిందని, పిల్లల్ని ఎత్తుకుపోతోందని రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎన్ని మెసేజులు తిరిగాయో గుర్తుందా? మా వీధిలో కర్రలు పట్టుకుని కాపలా కాశారు. ఆ పుకార్లకే హైదరాబాదులో ఒక ట్రాన్స్‌జెండర్‌ను కొట్టి చంపారు. అదే ఏడు జూలై 1న మహారాష్ట్రలో ధూలే జిల్లా రైన్‌పాడాలో అడుక్కుని బతికే అయిదుగురిని కొట్టి చంపారు. ఆ తర్వాతే కదా మన దేశంలో ఒకసారికి అయిదుగురికి మించి ఫార్వర్డ్ చేయకుండా వాట్సాప్ వాళ్ళు కట్టడి పెట్టింది! 2020లో ఇంకా బిగించారు. చాలాసార్లు చేతులు మారి రెండు బాణాల గుర్తు పడిన మెసేజ్‌ను ఇప్పుడు ఒకసారికి ఒక్క చోటికే పంపగలం. కంపెనీ వాడికి కూడా కుదురుగా ఉండాలని తెలిసొచ్చింది, మన గ్రూపులకు ఇంకా తెలియలేదు.

3. డబ్బు పోతుంది. ‘ట్రాఫిక్ చలానా’ అని ఒక ఏపీకే ఫైలు వస్తుంది, నొక్కితే ఫోన్లోకి దొంగ యాప్ ఎక్కుతుంది. తెలియని నంబరు నుంచి వస్తే ఎవరూ ముట్టుకోరు. గ్రూపులో తెలిసిన మనిషి పేరు మీద వస్తుంది, ఎందుకంటే అతని ఫోను అప్పటికే దొంగల చేతిలో ఉంది. మా షాపు ఎదురుగా ఆటో పెట్టుకునే అన్నయ్య నిజంగా చలానా పడిందేమోనని నొక్కాడు. ఆటో కిస్తీకి దాచుకున్న పద్దెనిమిది వేలు పోయాయి. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలని అతనికి చెప్పినవాళ్ళు లేరు, రెండు రోజుల తర్వాత నేను చెబితే చేశాడు. ఎంత ముందు చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఆ ఫైలు గ్రూపులో ఎన్ని గంటలుందో తెలుసా? పొద్దుట్నించి రాత్రి దాకా. అడ్మిన్ గారు పెళ్ళికి వెళ్ళారట.

4. ఆడవాళ్ళ నంబర్లు. గ్రూపులో చేర్చగానే అందులో ఉన్నవాళ్ళందరి చేతికీ మా నంబరు వెళ్తుంది. రాత్రి పదకొండింటికి వీడియో కాల్ చేసి ‘షాపు ఉందా?’ అని అడిగినవాణ్ణి ఏమనాలి? దీని గురించి ఇంతకంటే రాయను. చదివే ఆడవాళ్ళకు అర్థమవుతుంది.

5. గ్రూపులో లేనివాళ్ళు ఊళ్ళో కూడా లేనట్టే అయిపోతున్నారు. మంచినీళ్ళ ట్యాంకరు ఎన్నింటికొస్తుందో గ్రూపులోనే పెడతారు. ఫాగింగు, కరెంటు కోత, చెత్తబండి, గుళ్ళో అన్నదానం అన్నీ అందులోనే. 2025 జనవరి 30 నుంచి ప్రభుత్వం కూడా మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోకే వచ్చింది, బిల్లులు కట్టడం, సర్టిఫికెట్లు తెచ్చుకోవడం కూర్చున్నచోటే అవుతోంది. మంచిదే, నేనూ వాడుతున్నాను. కానీ స్మార్ట్‌ఫోను లేని వాచ్‌మన్, కళ్ళు కనపడని మామ్మగారు, ‘ఓనర్లకు మాత్రమే’ అన్న గ్రూపులోకి రానివ్వని అద్దెవాళ్ళు, వీళ్ళకు నీళ్ళ ట్యాంకరు హారన్ వినపడితేనే వచ్చినట్టు.

అడ్మిన్లను కోర్టుకీడ్చాలని నా ఉద్దేశం కాదు. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే లాయరు మేడంగారు చెప్పారు: గ్రూపులో ఒకరు పెట్టినదానికి అడ్మిన్‌ను తప్పుపట్టలేమని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు అన్నాయట. సరే, మీ తలకు చుట్టుకోదు. కానీ మెసేజ్ పెట్టినవాళ్ళకు ఆ రక్షణ లేదు. పరువు తీసినందుకు భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షను ఉంది. ఆ పనామె కేసు పెట్టదు. పెడితే మిగిలిన ఆ ఒక్క ఇల్లూ పోతుందని భయం. ఆ భయాన్ని చూసుకునే కదండీ మీరంతా ధైర్యంగా ఉన్నది?

పైగా చేయగలిగినదంతా మీ చేతిలోనే ఉంది. ఎవరు పెట్టిన మెసేజైనా అందరి ఫోన్లలోంచి తీసేసే వీలు అడ్మిన్‌కు ఉంది. కావాల్సిన మెసేజ్‌ను గ్రూపు నెత్తిన ఒక రోజు గాని, వారం గాని, ముప్ఫై రోజులు గాని పిన్ చేసి ఉంచొచ్చు. చేరేవాళ్ళను చూసి చేర్చుకోవచ్చు. నా చీర ఫొటో తీయడానికి పనికొచ్చిన బటనే ఆ వీడియో తీయడానికీ పనికొస్తుంది.

అందుకని అడుగుతున్నాను:

1. మూడు ముక్కల నియమం పెట్టండి. ఎక్కడ, ఎన్నింటికి, ఎవరు చూశారు. వరద, దొంగతనం, పిల్లల అపహరణ, ఆసుపత్రి, దేనికైనా సరే. మూడూ లేని మెసేజ్ ఎంత పెద్దమనిషి పెట్టినా తీసేయండి. మా తమ్ముడు తన సొంత మేనమామది తీసేశాడు, ఆయన నెల్లాళ్ళు మాట్లాడలేదు, తర్వాత ఆయనే వచ్చి ఫ్యాను బాగుచేయించుకున్నాడు.

2. మనిషి ముఖం కనపడే కెమెరా వీడియో, ఫొటో అనుమానంతో గ్రూపులో పెట్టనివ్వకండి. దొంగతనం జరిగితే పోలీస్ స్టేషనుంది, 112 ఉంది. వీడియో వాళ్ళకివ్వండి. ముందు ఇల్లు వెతుక్కోండి. వాషింగ్ మెషిన్ రబ్బరు కూడా.

3. తప్పని తేలితే, అది ఎక్కడ పెట్టారో అక్కడే దిద్దుబాటు పెట్టండి. పెట్టినవాళ్ళే తమ పేరుతో రాయాలి. వారం రోజులు పిన్ చేసి ఉంచాలి. వీడియో ఏయే గ్రూపులకు వెళ్ళిందో ఆ గ్రూపులకూ అది వెళ్ళాలి. ఇదొక్కటి చేస్తే మిగతావి చేయకపోయినా నేను మళ్ళీ మిమ్మల్ని అడగను. నా ఉత్తరమంతా దీని కోసమే.

4. ఎవరినైనా తీసేసే ముందు ఎందుకో ఒక్క ముక్క చెప్పండి. నోరు నొక్కడానికి ‘అడ్మిన్లకు మాత్రమే’ బటన్ వాడకండి. ఒకరి మీద నింద పడిన రోజున అసలే వాడకండి.

5. గ్రూపుకు ఒక్కరే అడ్మిన్ ఉండకూడదు. కనీసం ముగ్గురుండాలి, అందులో ఒక ఆడమనిషి, ఒక అద్దెమనిషి. ఒకాయన పెళ్ళికెళ్ళినా ఏపీకే ఫైలు రాత్రి దాకా ఉండదు. ఏపీకే అని చివర కనపడితే అడగక్కర్లేదు, తీసేసి, 1930 నంబరు పిన్ చేయండి.

6. నీళ్ళు, కరెంటు, వరద కబుర్లు గేటు దగ్గర పలక మీద కూడా రాయించండి. సుద్దముక్క ఖర్చు నేను భరిస్తాను, నా దగ్గర ఎప్పుడూ ఉంటాయి.

గ్రూపులు మూసేయమని నేను అనడం లేదు. మళ్ళీ వానాకాలం వస్తుంది, బుడమేరు ఎక్కడికీ పోలేదు. మళ్ళీ మేడ మీద కూర్చుని పదకొండు శాతం చార్జింగుతో మీరు పెట్టే మెసేజ్ కోసమే చూడాలి మేం. ఆ రోజు మీరు పెట్టినదాన్ని నమ్మాలా వద్దా అన్నది ఈ మామూలు రోజుల్లోనే తేలిపోతుంది.

ఆ అపార్ట్‌మెంట్ అడ్మిన్ గారికి విడిగా ఒక మాట. మీకు శ్రమ లేకుండా దిద్దుబాటు నేనే రాసి పెట్టాను, కాపీ చేసుకుంటే చాలు: ‘ఫలానా తేదీన మన గ్రూపులో పెట్టిన లిఫ్టు వీడియోలోని మనిషికి దొంగతనంతో సంబంధం లేదు. పోయాయనుకున్న దిద్దులు మా ఇంట్లోనే దొరికాయి. ఆమె చేతిలో ఉన్నది ఫాల్ కుట్టడానికి పంపిన చీర. వీడియో ఎవరి దగ్గరున్నా తీసేయండి. ఎవరికి పంపారో వాళ్ళకు ఈ మెసేజ్ కూడా పంపండి.’ ఇది వచ్చే ఆదివారంలోగా మీ గ్రూపులో కనపడాలి. నేను గ్రూపులో లేకపోయినా ఇస్త్రీ బండి ఆయన చూసి చెబుతాడు.

రెండో అంతస్తు మేడంగారూ, మీ చీర నా దగ్గరే ఉంది. ఫాల్ కుట్టి, పీకో చేసి, మడతపెట్టి కవరులో పెట్టాను. ఇద్దరితో కబురు పంపారు, ఇవ్వలేదు. దాన్ని తీసుకెళ్ళడానికి ఆవిడనే పంపండి. కుట్టుకూలి అక్కర్లేదు.

ఇట్లు,
జాకెట్లు కుట్టే అక్క,
అజిత్‌సింగ్ నగర్, విజయవాడ